అమ్మ మీద చల్లిన చిల్లర

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో టీవీలో ఒక సినిమా వచ్చింది. పిల్లల సినిమా. ఒక వాడలో నలుగురు పిల్లలకు చెత్తకుప్ప పక్కన డబ్బు సంచి దొరుకుతుంది. వాళ్ళు కడుపు పట్టనన్ని ఐస్‌క్రీములు తింటారు, వీధికుక్కకు చొక్కా కుట్టిస్తారు, పక్కింటి తాతకు కళ్ళజోడు కొంటారు. ఇంతలో పెద్దవాళ్ళకు తెలుస్తుంది. ఇక చూడండి, మంచాల కింద దూరడం, గోడలు దూకడం, ఒకరి మీద ఒకరు పడడం. మా ఆయన పడీ పడీ నవ్వుతున్నాడు. మా కోడలు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటోంది. అప్పుడు ఒక మామయ్య ఒక చిన్నపిల్లను గోడకు ఆనించి నిలబెట్టి జేబులు తిరగేసే సీను వచ్చింది. జేబులోంచి గోళీ, సగం కొరికిన బిస్కెట్, పెన్సిల్ ముక్క కింద పడ్డాయి. మావాళ్ళు గొల్లుమన్నారు. నేను లేచి వెళ్ళి టీవీ కట్టేశాను.

"ఏమైందే? మంచిగనే ఉండె గదా," అన్నాడు మా ఆయన.

"ఏం మంచిగున్నది? పోరి జేబులు దేవులాడుడు మంచిగున్నదా?"

ఆయనకు వెంటనే గుర్తొచ్చింది. కోడలు కొత్తగా వచ్చిన పిల్ల, దానికేమీ తెలియదు, అటూ ఇటూ చూసి వంటింట్లోకి పోయింది. ఆ సినిమా తీసినవాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకు మా గల్లీ సంగతి ఏం తెలుసు. నా కోపం ఎవరి మీదో, ఎందుకు ఇంకా చల్లారలేదో ఇక్కడ రాసుకుంటున్నాను.

నేను బస్సు కండక్టర్ని. ఖిలా వరంగల్‌లో, కోటగోడ లోపలి గల్లీలో మా ఇల్లు. రాతి తోరణాలు చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఫొటోలు దిగి పోతుంటారు, మేం ఆ రాళ్ళ పక్కనే బట్టలారేసుకుంటాం. నాకు నోరు పెద్దదని డిపోలో పేరుంది. పెద్ద నోరు లేకపోతే నిండిన బస్సులో వెనక్కి జరిగేవాడు ఒక్కడూ ఉండడు. ఆ నోరు ఈ వ్యవహారంలో నాకు కొంత పనికొచ్చింది, అసలు పనికొచ్చి ఉండాల్సినంత పనికిరాలేదు.

మా దిక్కు ఎవరైనా నిండు వయసులో పోతే శవయాత్రలో పేలాలూ చిల్లర పైసలూ కలిపి పాడె మీదుగా చల్లుతారు. ముందు డప్పులు, వెనక పాడె, ఆ చుట్టూ గల్లీ పిల్లలంతా. చావంటే పిల్లలకు భయం ఉండాలి గానీ, ఆ రోజు మాత్రం ఉండదు. పండు ముసలి మీద చల్లిన పైస ఇంట్లో ఉంటే ఆయుష్షని తల్లులు దానికి పసుపు రాసి బియ్యం డబ్బాలో వేస్తారు. పిల్లలు ఒకటి తల్లికిచ్చి, మిగతావాటితో కిరాణం దుకాణానికి పరుగెత్తుతారు. దీనికొక కట్టుబాటు ఉంది. చల్లినదాన్ని చల్లినవాడు తిరిగి అడగడు. వంగి ఏరుకున్న పిల్లదే ఆ పైస. ఎంత పిసినారి ఇంట్లోనైనా ఈ మాట తప్పినట్టు నేను వినలేదు, మా ఇంట్లో తప్ప.

మా అమ్మ మా పక్కనే తన ఒంటిగది ఇంట్లో ఉండేది. మేం తల్లినీ అవ్వ అంటాం, వాడలో ముసలమ్మనూ అవ్వ అంటాం, కాబట్టి మా అమ్మ గల్లీ మొత్తానికీ అవ్వే. తన మీద చల్లే పైసలు తన సొంతవే కావాలని ఆమె పట్టు. కొడుకుల పైసలు చల్లితే తన ప్రాణానికి శాంతి ఉండదనేది. పింఛను వచ్చిన రోజు నోటు మడిచి పట్టుకొని మా గడపలో కూర్చునేది.

"బిడ్డా, జర చిల్లర ఇయ్యి."

"ఏడున్నదే అవ్వా చిల్లర? ఆడోళ్ళకు ఫ్రీ ఆయె. మొగోళ్ళు ఫోన్లు చూపెడ్తాండ్రు. నా సంచిల గాలి తప్ప ఏం లేదు."

"గాలికి అంత సప్పుడు ఉంటదా? నాకు చెవుడనుకున్నవా."

కండక్టర్ని చిల్లర అడగడమంటే ప్రాణం అడిగినట్టే. అయినా గొణుక్కుంటూ ఇచ్చేదాన్ని. ఆమె వాటిని ఒక పాలపొడి డబ్బాలో వేసి, మూతికి గుడ్డ కట్టి, మంచం కింద పెట్టేది. ఆ డబ్బా సంగతి గల్లీలో తెలియని పిల్ల లేదు.

"అవ్వా, ఎప్పుడు పోతవే?" అని ముఖం మీదే అడిగేవాళ్ళు.

"నీ లగ్గం చూసి పోతరా."

"అప్పటిదాంక పైసలు తుప్పు వడ్తయే."

అమ్మ పళ్ళులేని నోటితో నవ్వేది. చావు గురించి అంత హాయిగా మాట్లాడుకున్నవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

ఆ పిల్లల్లో ఒక పిల్ల రోజూ అమ్మ దగ్గరే ఉండేది. పక్కింటి పరుపులు కుట్టేవాళ్ళ బిడ్డ. ముస్లింలు, వాళ్ళ నాన్న దూదేకే పనిమీద నెక్కొండ దిక్కు ఊళ్ళు తిరుగుతాడు, తల్లి ఇంటిదగ్గర పరుపులూ బొంతలూ కుడుతుంది. ఈ పిల్ల అప్పుడు నాలుగో తరగతి. బడినుంచి రాగానే సంచి మా అమ్మ మంచం మీద పడేసి, ఆమెకు సూదిలో దారం ఎక్కించేది, తల దువ్వేది, కాలిగోళ్ళు తీసేది. నా అన్నదమ్ములకు అమ్మ కాళ్ళు ఎట్లుంటాయో కూడా గుర్తులేదు. గోళ్ళు తీసింది ఆ పిల్ల.

అన్నదమ్ముల గురించి చెప్పాలి. అన్న హన్మకొండలో ప్లాట్ల బేరాలు చేస్తాడు. తమ్ముడికి డోర్నకల్‌లో రైల్వే నౌకరీ. ఇద్దరికీ అమ్మ దగ్గర ఒకే పని, ఆమె మెడలోని గుండ్లు. నాన్న పోయినప్పుడు పుస్తెలు తీసేశారు గానీ, తాడుకు అటూ ఇటూ వరసగా గుచ్చి ఉండే బంగారు గుండ్లను మాత్రం అమ్మ ఎవరి చేతికీ ఇవ్వలేదు. దారానికి గుచ్చుకొని రవికె లోపల దాచుకుంది. అన్న వచ్చినప్పుడల్లా అమ్మ ముఖం చూడడు, మెడ చూస్తాడు. ఆమె మోకాళ్ళకు రాసే మందు ఒక్క గొట్టం తెచ్చిన పాపాన పోలేదు.

"అవ్వా, గుండ్లు తే, లాకర్ల వెడ్త. కాలం మంచిగ లేదు," అనేవాడు అన్న.

"నా మెడకంటె గట్టిదారా నీ లాకరు?"

తమ్ముడిది ఇంకో పాట. "నా ఇల్లు సగంల ఆగింది అవ్వా."

"నా పానం గూడ సగంలనే ఆగింది బిడ్డా. జర ఓర్చుకో."

వాళ్ళు ఓర్చుకోలేక ఒకరితో ఒకరు మాటలు మానేశారు. గుండ్లు అన్నకు పోతాయని తమ్ముడికి, తమ్ముడికి పోతాయని అన్నకు అనుమానం. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు ఆ తల్లి గడపలో ఎదురుపడితే ముఖాలు తిప్పుకొని పోయేవాళ్ళు. అమ్మ అది చూసి ఏమీ అనేది కాదు. అనకపోవడం ఆమె పద్ధతి, అనడం నా పద్ధతి.

ఎండలు ముదరకముందే ఒక తెల్లవారి అమ్మ లేవలేదు. నిద్రలోనే పోయింది. కబురు పంపితే కొడుకులిద్దరూ వచ్చారు. నేను ఆడవాళ్ళతో కలిసి లోపల స్నానం చేయిస్తున్నప్పుడు మెడలో దారం లేదని చూశాను. పెట్టెలో పెట్టి ఉంటుందిలే అనుకున్నాను, ఆ సమయంలో బంగారం గురించి ఆలోచించడానికి నాకు మనసు రాలేదు. బయట వాకిట్లో అన్న తెల్లచొక్కా వేసుకొని, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకొని ఎవరితోనో ప్లాటు కొలతలు మాట్లాడుతూ, అమ్మ డబ్బా గుడ్డ విప్పి పేలాల సంచిలో బోర్లించాడట. సంచిలోకి చూడలేదు. తల్లి ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బాలోకి ఒక్కసారి తొంగి చూడాలని కూడా ఆయనకు అనిపించలేదు.

పాడె లేచింది. అన్న సంచి భుజాన వేసుకొని ముందు నడిచాడు. ఆయన కొడుకు ఫోన్ పట్టుకొని వెనక్కి వెనక్కి నడుస్తూ వీడియో తీస్తున్నాడు.

"మంచిగ తియ్యిరా, స్టేటస్ పెట్టాలె," అన్నాడు అన్న.

"నాయినా, జర ఎత్తుకు సల్లు. పేలాలు కనవడ్తలెవ్వు," అన్నాడు కొడుకు.

అన్న ఎత్తుకు చల్లాడు. చూపు ఫోన్ మీద, చెయ్యి సంచిలో. నేను వెనకాల ఏడుస్తూ నడుస్తున్నాను గానీ నా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. పిల్లలు ఎగబడి ఏరుకున్నారు. అమ్మ కోరుకున్నట్టే వాళ్ళ చేతులు నిండాయి. దారిపొడవునా వాళ్ళ అరుపులు విని, నాకు ఏడుపులోనే కొంచెం తృప్తి కలిగింది.

మూడోనాడు అమ్మను పెట్టినచోట పిట్టకు ముద్ద పెట్టి ఇంటికొచ్చాం. కాళ్ళు కడుక్కున్నారో లేదో, అన్నదమ్ములిద్దరూ అమ్మ పెట్టె తెరిచారు. రెండు నేతచీరెలు, ఆధార్ కార్డు, నాన్న పొడుం డబ్బీ. అంతే. పెట్టె బోర్లించి కొట్టారు, మంచం తిరగేశారు, బియ్యంలో చేతులు పెట్టి కలిపారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు.

"దగ్గరున్నదానివి నువ్వే," అన్నాడు అన్న.

"అవును, ఉన్న. ఇన్నేండ్లు ఉన్న. ఎత్తిన, పండవెట్టిన, తుడిసిన. గుండ్లే కావాలంటే అప్పుడే తీస్కుందు. మీ లెక్క పెట్టె ఇప్పుతందుకు ఆగుదునా?"

నా ఒళ్ళు మండిపోతోంది. ఇంకా చాలా అనేదాన్ని. అప్పుడే పక్కింటి పిల్ల గడపలో కనబడింది. బడి సంచి భుజానే ఉంది, పిడికిలి బిగించి ఉంది.

"అత్తమ్మా, అవ్వ పైసలల్ల ఇది దొరికింది. ఇది పైస గాదు గదా. మా అమ్మ ఇచ్చి రమ్మన్నది," అని చెయ్యి విప్పింది. అరచేతిలో ఒక బంగారు గుండు. కడిగి తుడిచి తెచ్చింది, తళతళమంటోంది.

ఆ ఇంట్లో ఆ రోజు ఎవరికైనా సిగ్గూ శరమూ ఉంటే, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి బుజ్జగించేవాళ్ళు. అన్న మొదట గుండు తీసుకున్నాడు, తర్వాత పిల్ల మణికట్టు పట్టుకున్నాడు.

"మిగిలినయి ఏయి?"

"ఒక్కటే దొరికింది పెద్దనాయినా."

"ఒక్కటేనా? ముసల్దాని సంకల ఉండేదానివి నువ్వే గదా."

ఆయన ఆమె సంచి లాక్కొని గచ్చు మీద బోర్లించాడు. పుస్తకాలు, కంపాస్ పెట్టె, అందులోంచి గోళీ, పెన్సిల్ ముక్క, చల్లిన పైసలు నాలుగు. ఆ తర్వాత పిల్లను గోడకు ఆనించి గౌను జేబు బయటికి తిరగేశాడు. నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టి గుంజాను.

"చెయ్యి తియ్యి. ఇంకోసారి పిల్లను ముడితే మంచిగుండదు."

"దొంగను ఇంట్ల తిప్పుకున్నది నువ్వు. నాకు నీతులు చెప్తాన్నవా?"

దొంగ. ఆ మాట గడప దాటి గల్లీలోకి పోయింది. అప్పటికే వాకిట్లో జనం చేరారు. పిల్ల ఏడుస్తూనే, గోడను వదలకుండా చెప్పింది.

"నేను తియ్యలె. అవ్వనే దారం తెంపింది. నా ముంగట్నే డబ్బల ఏసింది. పైసలల్ల కలిపి, ఇయి గూడ మీకేనే అన్నది. ఎవ్వలకు చెప్పద్దన్నది."

"బంగారం రోడ్డు మీద సల్లుతందుకు ముసల్దానికి ఏమన్న పిచ్చి లేసిందా?" అని తమ్ముడు నవ్వాడు.

నేను నవ్వలేదు. వినగానే నమ్మాను. కొడుకులు తన మెడకేసి చూడడం చూసీ చూసీ, ఆ పని మా అమ్మ కచ్చితంగా చేయగలదు. పైగా వాళ్ళ చేతనే చల్లించింది. గర్వంతో నా గుండె నిండింది. మరుక్షణమే ఆ పిల్ల తెల్లబోయిన ముఖం చూసి భయమేసింది. ఆ పిల్ల మాటకు సాక్షి ఒక్కతే, ఆమెను మట్టిలో పెట్టి వచ్చాం.

"చల్లినదాన్ని మళ్ళ అడుగుతాండ్రా? ఎవలింట్లనన్న ఉన్నదా ఇది?" అని అరిచాను.

"చల్లింది చిల్లర. బంగారం గాదు," అన్నాడు అన్న.

ఏళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఆ మధ్యాహ్నం భుజం భుజం కలిపి గల్లీ మీద పడ్డారు. ఇల్లిల్లూ తిరిగారు. సినిమాలో అయితే ఇక్కడ పాట పెట్టి నవ్వించేవాళ్ళు. నవ్వు వచ్చేవి జరిగాయి కూడా, కాదనను. ఒక పిల్లవాడు గుండును గోళీ అనుకొని ఆటలో ఓడిపోయాడు, గెలిచినవాడు దాన్ని బొంగరం మేకు పక్కన అతికించాడు. ఒక చంటిది మింగేసింది. తమ్ముడు దాని తల్లిని, "రేపు పొద్దుగాల జర చూసి ఫోన్ చెయ్యక్కా," అని తన నంబర్ ఇచ్చి వచ్చాడు. ఇంకో తల్లి బియ్యం డబ్బాలోంచి పసుపు రాసిన గుండు తీసి వాళ్ళ కాళ్ళ ముందు పడేసింది.

"అవ్వ పేరుమీద దాసుకున్న. తీస్కపోండ్రి. మీ మొఖాలు సూస్తే ఆయుష్షు తగ్గేటట్టున్నది," అంది.

వాళ్ళు వంగి ఏరుకున్నారు. తల్లి పాడె మీదుగా తామే చల్లినదాన్ని, తెల్లచొక్కాలతో వంగి ఏరుకున్నారు.

అయినా సగానికి సగం తక్కువే. మళ్ళీ పక్కింటికే వచ్చారు. పిల్ల నాన్న పనిమీద ఊళ్ళు పట్టుకొని తిరుగుతున్నాడు, ఇంట్లో తల్లీ బిడ్డా ఉన్నారు. ఇల్లంతా వెతకనిచ్చింది ఆ తల్లి. ఒక మూలన లగ్గం కోసం ఎవరో చెప్పిన పరుపు కొత్తగా కుట్టి గోడకు నిలబెట్టి ఉంది. తమ్ముడు దాన్ని తట్టి చూశాడు.

"ఇండ్ల కుట్టిండ్రేమో అన్నా."

ఆమె అరవలేదు, ఏడవలేదు. పరుపును గల్లీలోకి ఈడ్చుకొచ్చి, కింద కూర్చొని, బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. నేను ఆపబోతే నా చెయ్యి పక్కకు నెట్టింది.

"చూస్కోనియ్యక్కా. మంచిగ చూస్కోనియ్యి. రేపు ఇంకోమాట రావద్దు," అంది. అన్న వైపు తిరిగి, "చూడన్నా. చెయ్యి వెట్టి చూడు," అంది.

ఆయన నిజంగానే చెయ్యి పెట్టి చూశాడు. మోచేతి దాకా పెట్టి చూశాడు. దూది లేచి గల్లీ అంతా కమ్ముకుంది. ఆయన మీసాల మీద, చొక్కా మీద, కోటరాళ్ళ మీద దూది. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తల్లి పక్కన నిలబడి, విప్పిన దూదిని చిన్న చేతులతో సంచిలోకి ఎత్తుతోంది.

అప్పుడు నాకు వీడియో గుర్తొచ్చింది. ముందే గుర్తొచ్చి ఉంటే ఆ పరుపు విప్పేది కాదు. మేనల్లుడిని మెడబట్టి ముందుకు లాగాను.

"ఫోన్ తియ్యిరా. మీ నాయిన స్టేటస్ పెట్టిండు గదా, అందరికి చూపెట్టు."

గల్లీ అంతా ఆ చిన్న ఫోన్ చుట్టూ మూగింది. వీడియో బాగానే తీశాడు. అన్న చెయ్యి సంచిలోంచి లేస్తోంది, పేలాలు తెల్లగా, నాణేలు తెల్లగా, వాటి మధ్య పచ్చగా మెరుస్తూ గుండ్లు. ఎత్తుకు చల్లమన్నాక చల్లినవాటిలో సగం వెనక్కి పోయి పాడె మీద పడ్డాయి. అమ్మ గుండెల మీది బంతిపూలలో ఒక్కొక్కటే పడి లోపలికి జారిపోవడం ఆపి ఆపి చూశాం. మేం ఆ పూలతోనే ఆమెను మట్టిలో పెట్టాం. దొరకనివి ఏ పిల్ల జేబులోనూ లేవు, ఎవరి పరుపులోనూ లేవు.

తమ్ముడు గొంతు తగ్గించి అన్నాడు. "అన్నా, మట్టి ఇంక పచ్చిగనే ఉన్నది."

ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. అన్న ఛీ అంటాడని చూశాను. అనలేదు. చూపు దించి ఆలోచిస్తున్నాడు. ప్లాటు బేరంలో ఆలోచించినట్టు ఆలోచిస్తున్నాడు. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోండ్రి. గడ్డపార పట్టుకొని పోండ్రి. ఈసారి వీడియో నేను తీస్త. నేను పెడ్త స్టేటస్," అన్నాను. "అవ్వ మెడ బతికుండంగ చూసినరు. ఇప్పుడు గూడ చూసొద్దురు పోండ్రి."

ఎవరో ముసలాయన థూ అని ఉమ్మేశాడు. అన్నదమ్ములు తలలు దించుకున్నారు. తవ్వలేదు, ఆ మాత్రం జనం భయం ఉంది. కారు దగ్గరికి నడుస్తుంటే అన్నకు అడ్డం నిలబడ్డాను.

"పిల్లను దొంగన్నవు. గల్లీ అంత విన్నది. కాదని గదే గల్లీల చెప్పి పో."

"చిన్నపోరికి ఏందే చెప్పేది. అయిపోయిందాయె," అని ఆయన చొక్కా మీది దూది దులుపుకొని కారెక్కాడు. తలుపు వేసుకున్నాడు. నేను బస్సులో ఎంతమందిని దింపి ఉంటాను, ఆ ఒక్క మనిషిని కారులోంచి దింపలేకపోయాను.

దినాలయ్యాక దొరికిన గుండ్లు పంచుకున్నారు. చల్లినవి పిల్లలకే పోవాలని నేనంటే నాకు మతి పోయిందన్నారు. నా వాటా గుండ్లు తీసుకొని, అవి సరిపోయినంత వరకు, ఏరుకున్న పిల్లల ఇళ్ళకు తిరిగి ఇచ్చి వచ్చాను. పక్కింటి తల్లి మాత్రం తీసుకోలేదు. నేను సెలవు పెట్టి ఆమె పక్కన కూర్చొని, ఆ పరుపు మళ్ళీ కుట్టడానికి దారం అందిస్తున్నప్పుడు కూడా బతిమాలాను.

"వద్దక్కా. బంగారం ఇంట్ల ఉంటే ఇంకోసారి పరుపులు ఇప్పాలె. నాకు ఆ ఫికర్ వద్దు," అంది తల ఎత్తకుండా.

ఆ గుండు నా దగ్గరే ఉంది. నేనూ ఒక డబ్బా పెట్టుకున్నాను, చిల్లర దొరికిన రోజు అందులో వేస్తున్నాను, గుండు ఆ అడుగునే ఉంది. చల్లాల్సింది ఎవరో, ఎట్లా చల్లాలో మా ఆయనకు చెప్పి పెట్టాను. అన్న చెయ్యి మాత్రం ఆ సంచిలో పడకూడదన్నాను.

వీడియో అందరూ చూశారు. ఆ పిల్ల తీయలేదని అందరికీ తెలుసు. అయినా మాట పోలేదు. బడిలో ఎవరి రబ్బరు పోయినా ముందు ఆ పిల్ల సంచే తెరుస్తారు. పిల్లలు పోట్లాడుకుంటే ఆమెను గుండ్ల దొంగ అంటారు, తర్వాత వాళ్ళే వచ్చి ఆడుకుందాం రమ్మంటారు. వాళ్ళకది ఆట. ఆ మాటను గల్లీలోకి వదిలినవాడు హన్మకొండలో హాయిగా నిద్రపోతున్నాడు, పండగలకు నాకు ఫోన్‌లో దండం బొమ్మలు పంపుతున్నాడు.

టీవీ కట్టేసిన రెండు రోజులకు మా గల్లీలోనే ఇంకో పెద్దాయన పోయాడు. మనుమలు మునిమనుమలు ఉన్న మనిషి. డప్పులు మా వాకిలి ముందుకు వచ్చేసరికి నేను డ్యూటీ దిగి వస్తూ గోడ పక్కన నిలబడ్డాను. ఆయన కొడుకు ధారాళంగా చల్లుతున్నాడు. పిల్లలు పాడె చుట్టూ మోకాళ్ళ మీద పాకుతున్నారు. పక్కింటి పిల్ల తమ గడప ముందు నిలబడి ఉంది. ఈ రెండేళ్ళలో పొడుగైంది. ఎవరూ ఏమీ అడగలేదు, అయినా రెండు చేతులూ భుజాల దాకా ఎత్తి, అరచేతులు బయటికి విప్పి పెట్టింది, అందరికీ కనబడేటట్టు.

ఒక రూపాయి దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలికి తగిలి ఆగింది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"ఏరుకో బిడ్డా. అది నీదే," అన్నాను.

"వద్దత్తమ్మా. అందరు చూస్తాండ్రు," అంది.

డప్పులు మలుపు తిరిగి, వినబడకుండా పోయేదాకా ఆ పిల్ల చేతులు దించలేదు.